మీ ప్రశ్న – మా జవాబు: ఆస్కార్ పెల్లెట్లు ఉమ్మేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ముచ్చటపడ్డాడని రెండు ఆస్కార్ చేపలు కొన్నాం. ఇప్పుడు ఒక్కోటి జానెడు ఉన్నాయి. మొదటినుంచి బతికున్న చిన్న చేపలే వేశాం. పెల్లెట్లు (గుళికల మేత) వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తున్నాయి. రెండు రోజులు పస్తుంటే జాలేసి మళ్లీ చిన్న చేపలే వేస్తున్నాం. ఎలా మాన్పించాలండీ?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ చేపలకి జబ్బేమీ లేదు, చిన్న చేపల్ని ఆబగా తింటున్నాయి కదా. ఏది వేసినా తినకపోతే అప్పుడు టెన్షన్ పడాలి, ముందు నీళ్లు మార్చాలి, చలికాలమైతే హీటర్ పెట్టి 26 డిగ్రీల దగ్గర ఉంచాలి. మీ ఇంట్లో జరుగుతున్నది వేరు: రెండు రోజులు ఆగితే ఇష్టమైనది వస్తుందని వాటికి తెలిసిపోయింది. ఆ సైజు ఆస్కార్ వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు (రెండంగుళాల పిల్లల్ని మాత్రం అలా మాడ్చకండి). నాలుగు రోజులు పూర్తిగా ఆపి, ఐదో రోజు రొయ్య పిండిన రసంలో కాసేపు నానబెట్టిన పెల్లెట్లు రెండు వేయండి, ఉమ్మేస్తే ఐదు నిమిషాల్లో తీసేయండి, ఆ రోజుకి ఇంకేమీ వేయొద్దు. మర్నాడు మళ్లీ అదే. ఇంకా మొండికేస్తే పచ్చిరొయ్య ముక్కలో పెల్లెట్ దూర్చి ఇచ్చి, రోజురోజుకీ రొయ్య తగ్గించుకుంటూ రండి. ఇద్దరు ఉండటం మీకు కలిసొస్తుంది, ఒకటి తింటుంటే రెండోది ఊరుకోదు.

చిన్న చేపలు ఎందుకు వద్దంటున్నానంటే, వాటితోపాటు పరాన్నజీవులూ రోగాలూ ట్యాంకులోకి వస్తాయి. పైగా గోల్డ్ ఫిష్ లాంటి వాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. పచ్చిరొయ్యల్లో కూడా కొన్నిటిలో ఇది ఉంటుంది కాబట్టి మన తీరంలో రొయ్యలు చవగ్గా దొరుకుతున్నాయని రోజూ అవే పెట్టకండి, వారానికి ఒకట్రెండుసార్లు చాలు, ఉప్పూ పసుపూ తగలకుండా కడిగి, పెంకుతో సహా. పురుగుమందు కొట్టని నేలలో దొరికిన వానపాములు చాలా మంచివి. ఉడికించి తొక్క తీసిన బఠాణీ అప్పుడప్పుడు వేయండి. చికెన్, మటన్ మాత్రం వద్దే వద్దు, ఆ కొవ్వు చేపకి అరగదు. రోజువారీ మేత మంచి పెల్లెట్టే కావాలి, వారంలో ఒక రోజు ఖాళీ కడుపు.

ఇంకో మాట, పెద్ద డబ్బా చవకని కొనొద్దు. మూత తీశాక వేడికీ తేమకీ అందులో విటమిన్ సి త్వరగా పోతుంది, మన ఉక్కపోతలో మరీను. చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: మలావీ సిక్లిడ్‌లకి రోజూ బ్లడ్‌వార్మ్స్ (మేతగా అమ్మే సన్నటి ఎర్ర పురుగులు) వేస్తున్నాను, ఎంతో ఇష్టంగా తింటాయి. ఇప్పుడు నీలం చేప పొట్ట ఉబ్బింది, తెల్లగా దారంలా విరేచనం అవుతోంది, తిండి మానేసింది.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: తమ్ముడూ, ఇది ఆలస్యం చేసేది కాదు. బ్లడ్‌వార్మ్స్ వెంటనే ఆపు. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ఎంబునా జాతి చేపలు చాలావరకు రాళ్లమీద పాచి గీరుకుని బతుకుతాయి, వాటి పేగు పొడవు, రోజూ పురుగులు పెడితే తట్టుకోలేవు. సిక్లిడ్ కుటుంబంలో ఆస్కార్‌కి చుట్టాలే అయినా ఆస్కార్ తిండి వీటికి పనికిరాదు. జబ్బు చేపని వేరే తొట్టెలోకి మార్చు, మిగతావాటికి రెండు మూడు రోజులు మేత ఆపి 30 శాతం నీళ్లు మార్చు. ఈ జబ్బుకి మెట్రోనిడజోల్ వాడతారు, కానీ మోతాదు చేపల వైద్యం తెలిసినవాళ్లని అడిగే వెయ్యి. తర్వాత స్పైరులినా (ఒక రకం నాచు) ఉన్న మేతే ప్రధానంగా పెట్టు, పాలకూర ఆకు వేడినీళ్లలో ముంచి తీసి ట్యాంకులో కట్టు. పసుపు రంగు ‘ల్యాబ్’ అనే రకం మలావీ చేప ఉంటే అది పురుగులు కొంచెం ఎక్కువే అరిగించుకుంటుంది, కానీ ఒకే ట్యాంకులో ఉన్నప్పుడు మిగతావాటిని చూసే మేత వెయ్యాలి.

ప్రశ్న: సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లి నాలుగు రోజులుంటాం. చేపలకి మేత ఎలా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఎదిగిన చేపలైతే ఏమీ వేయక్కర్లేదు. వెళ్లేముందు నీళ్లు మార్చండి, ఫిల్టర్ ఆగకుండా చూసుకోండి. పక్కింటివాళ్లకి డబ్బా ఇవ్వకండి, జాలికొద్దీ గుప్పెడు పోస్తే నీళ్లు పాడై, పస్తుకి చావని చేపలు దానికి చస్తాయి.