పాత చర్చి లోపలి ఫోటోలు: కిటికీ తెల్లగా, బల్లలు నల్లగా వస్తుంటే

కిటికీల రంగుటద్దాలు తెల్లగా పాలిపోతున్నాయని, బల్లలు చీకట్లో కలిసిపోతున్నాయని రాశారు. లోపం మీ కెమెరాది కాదండీ. అద్దానికీ నీడలోని బల్లకీ మధ్య వెలుగు తేడా ఒక్క ఫోటోలో ఇమడనంత ఎక్కువ.

మీరు పెట్టిన ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే సున్నితత్వం) 3200 వద్దు, 100కు దించండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8, కెమెరా ట్రైపాడ్ మీద, 2 సెకన్ల టైమర్. ట్రైపాడ్‌కు అనుమతి ముందే అడగండి. దొరకకపోతే బల్ల మీదే పెట్టి తీయవచ్చు.

ముందు అద్దంలోని నీలం, ఎరుపు నిండుగా కనిపించేలా ఒకటి తీయండి. అందుకు షట్టర్ పావు సెకను తెరిస్తే సరిపోయిందనుకుందాం. తర్వాత ఆ షట్టర్ సమయం ఒక్కటే మార్చి 1 సెకనుకు ఒకటి, 4 సెకన్లకు ఒకటి. చివరిదానిలో కిటికీ తెల్లబడుతుంది, పట్టించుకోకండి; బల్లల చెక్కమీది గీతలు మాత్రం స్పష్టంగా కనిపించాలి. మూడూ రా (RAW, కెమెరా ఇచ్చే ముడి ఫైలు) ఫార్మాట్‌లోనే తీసి కంప్యూటర్‌లో ఒకే ఫోటోగా కలపండి. కలిపాక నీడలను మరీ వెలిగించకండి, దయచేసి! ఆ చీకటే పాత కట్టడానికి అందం.

మబ్బు పట్టిన రోజైతే తేడా తగ్గి పని సులువవుతుంది. వీలైతే లోపలి విద్యుద్దీపాలు ఆర్పించండి. లేకపోతే గోడలకు పసుపు ఛాయ అంటుకుంటుంది.