ఐదో గ్రేడు పాసైతే జాజ్ పియానో వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. క్లాసికల్ పియానోలో ట్రినిటీ ఐదో గ్రేడు పాసైంది. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుంది. ఇంజనీరింగ్ వద్దు, జాజ్ పియానిస్టునవుతానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇంజనీరింగ్ మాన్పించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. కాగితం మీద రాసింది ఆమె వేళ్లు పలికించగలవని ఐదో గ్రేడు చెబుతుంది, అంతే. జాజ్‌లో కాగితం మీద ఉండేది పాట వరుస, దానిపైన కార్డుల (కలిపి నొక్కే స్వరాల గుంపుల) పేర్లు. మిగతాదంతా అప్పటికప్పుడు కట్టుకోవాలి. ఆ పని ఆమెకు పడుతుందో లేదో ఒక ఏడాది సాధన చేయించి చూడండి.

ఇంట్లో ఉన్నది 61 కీల కీబోర్డయితే ముందు అది మార్చండి. 88 కీలు, హ్యామర్ యాక్షన్ (అసలు పియానోలా బరువుగా ఉండే కీలు), సస్టెయిన్ పెడల్ (నాదాన్ని సాగనిచ్చే పెడల్) ఉన్న డిజిటల్ పియానో కావాలి. తేలిక కీలకు అలవాటు పడిన చెయ్యి అసలు పియానో మీద నాదాన్ని అదుపు చేయలేదు. ఆడిషన్‌లో అది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

తొలి మూడు నెలలూ టూ-ఫైవ్-వన్ సాధన, అంటే స్కేలులో రెండో, ఐదో, ఒకటో స్వరాల మీద కట్టిన కార్డులు వరుసగా వాయించడం. సి స్కేలులో అయితే డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. కార్డులో అన్ని స్వరాలూ నొక్కకుండా మూలస్వరం (కార్డు పేరులోని స్వరం), దాని నుంచి మూడోది, ఏడోది చాలు. డి మైనర్ సెవెన్‌లో ఏడోదైన సి అర మెట్టు దిగితే బి అవుతుంది, అదే జి సెవెన్‌కు మూడోది. ఎఫ్ ఉన్నచోటే ఉంటుంది. ఈ కదలిక 12 స్కేళ్లలోనూ చూడకుండా రావాలి. మెట్రోనోమ్ (టిక్కులతో లయ చూపే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఆ టిక్కుల్ని రెండో బీటు, నాలుగో బీటుగా లెక్కించాలి. చాలామంది సి, జి స్కేళ్లు వచ్చాక ఆగిపోతారు. తీరా శాక్సొఫోన్, ట్రంపెట్ వాళ్లతో కూర్చుంటే ఎదురయ్యేవి బి-ఫ్లాట్, ఈ-ఫ్లాట్.

రోజూ ఒక సోలోలో (ఒకరు అప్పటికప్పుడు కట్టి వాయించే భాగంలో) నాలుగు బార్లు (ఆవర్తం లాంటి లయ కొలతలు) విని, ముందు నోటితో పాడి, తర్వాతే కీల మీద వెతకాలి. కర్ణాటక శిక్షణ ఇక్కడ పెద్ద అండ. జాజ్‌లో వాడే డోరియన్ స్కేలు అంటే ఖరహరప్రియ స్వరాలే. మిక్సోలిడియన్ హరికాంభోజి, లిడియన్ మేచకల్యాణి. లిడియన్ డామినెంట్ వాచస్పతి. అయితే గమకం పియానో మీద పలకదు. అంతకంటే పెద్ద చిక్కు ఆధార షడ్జంతో వస్తుంది. రాగంలో అది కదలదు, జాజ్‌లో కార్డు మారినప్పుడల్లా ఆధారం మారుతుంది. రాగం పాడినట్టే పోతే కింద కార్డు మారిపోయినా చెయ్యి పాత స్వరాల్లోనే తిరుగుతుంది. దీనికి మందు: కార్డు మారిన బీటు మీద కొత్త కార్డు మూడో స్వరమో ఏడో స్వరమో పడేలా సోలో కట్టడం.

ఆరో నెల నుంచి బేస్ (మంద్ర స్వరాల తంత్రీవాద్యం), డ్రమ్స్ వాయించేవాళ్లతో కలిసి కూర్చోవాలి. అప్పుడు మూలస్వరం బేస్‌కి వదిలేయాలి. ఇద్దరూ దాన్నే పట్టుకుంటే కింది స్థాయి గజిబిజి అవుతుంది. ఏడాది చివర ఇవి చూడండి: 20 స్టాండర్డ్ పాటలు (జాజ్ వాళ్లందరికీ తెలిసిన పాటలు) కాగితం లేకుండా వస్తున్నాయా, 32 బార్ల పాటలో దారి తప్పితే ఆగకుండా మళ్లీ అందుకుంటోందా. రెండోది నా దృష్టిలో గ్రేడులన్నిటికంటే విలువైన పరీక్ష. ముంజేతిలో నొప్పి వస్తే మాత్రం ఆ పూట సాధన ఆపేయాలి.

చదువు విషయం. బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో ఆడిషన్, ఇంటర్వ్యూ ఉంటాయి. అమెరికాలో పియానో వాదన డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కిందికి రాదు కాబట్టి, చదువయ్యాక ఓపీటీ (అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే. విద్యారుణం తీసుకునే ముందు ఈ లెక్క చూసుకోండి. జర్మనీ ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, అక్కడి బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి విదేశీయులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. ప్రవేశ పరీక్ష కఠినం, జర్మన్ భాష కావాలి.

సంపాదన ఒక్కచోటి నుంచి రాదు. పాఠాలు, హోటల్ కార్యక్రమాలు, గాయకులకు సహకారం, రికార్డింగులు అన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. మన దేశంలో జాజ్‌కు పెద్దదిక్కయిన లూయిస్ బ్యాంక్స్ కూడా కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో వాయించి, బొంబాయి వచ్చి సినిమా రికార్డింగులూ ప్రకటనల జింగిల్సూ చేశారు.

డిగ్రీ, పియానో రెండూ నడపడం అసాధ్యం కాదు. అమెరికా జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ గ్రినెల్ కాలేజీలో ముందు చేరింది ఇంజనీరింగ్‌లోనే. మరో జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్ యేల్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివారు. ఆమె ఇంజనీరింగ్‌లో చేరితే మాత్రం రోజుకు రెండు మూడు గంటలు దొరికే కాలేజీ, తోటి వాయిద్యకారులు ఉన్న ఊరు చూడండి: హైదరాబాద్, బెంగళూరు, చెన్నై. హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్లతో డిజిటల్ పియానో పెట్టుకోనిస్తారా అని ఫీజు కట్టకముందే వార్డెన్‌ని అడగండి.