ఊరి నుంచి వచ్చే తల్లిదండ్రులను ఇథియోపియన్ భోజనానికి తీసుకెళ్లవచ్చా?

ఉత్తర వర్జీనియాలో ఉంటున్నామని, ఇంటికి దగ్గర్లోనే ఒక ఇథియోపియన్ రెస్టారెంటు ఉందని, శాకాహారులైన మీ తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చినప్పుడు వారిని అక్కడికి తీసుకెళ్లవచ్చా, తీసుకెళితే ఏం తెప్పించాలి అని అడిగారు. నిస్సందేహంగా తీసుకెళ్లవచ్చు. మీ ప్రాంతంలోనే ఉన్న అలెగ్జాండ్రియాలో మా ఇంటి పక్క వీధిలోని అటువంటి హోటలుకు నేను ఏళ్ల తరబడి వెళుతున్నాను, మా అత్తమామలను కూడా తీసుకెళ్లాను కనుక, మీరు రుచి గురించి పడుతున్న ఆందోళన అంత అవసరం లేదని చెప్పగలను. మన పెద్దవాళ్లకు అక్కడ ఇబ్బంది కలిగించేది కారమో పులుపో కాదు, ఎంగిలి.

అక్కడ నలుగురు కూర్చుంటే నాలుగు కంచాలు రావు. ఒకే పెద్ద పళ్లెం వస్తుంది. దాని నిండా ఇంజెరా అనే మెత్తని, పుల్లని అట్టు పరిచి, దాని మీద కూరలను కుప్పలు కుప్పలుగా వడ్డిస్తారు. ఇంకొన్ని ఇంజెరాలను చుట్టలుగా చుట్టి పక్కన పెడతారు. అందరూ ఆ చుట్టల నుంచి కుడిచేత్తో ముక్క తుంచుకుని, దానితోనే కూరను పట్టి తీసుకుని తింటారు. చెంచాలు ఉండవు. చేత్తో తినడం మనకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే మన చేయి మన కంచం దాటదు. ఇక్కడ నోటి దాకా వెళ్లిన చేయి మళ్లీ అందరూ తింటున్న పళ్లెంలోకే వస్తుంది. వారి పద్ధతిలో కూడా శుభ్రతకు నియమాలున్నాయి. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి, ఎవరికి ఎదురుగా ఉన్న భాగం వారు తినాలి, కూరను ఇంజెరా ముక్కతోనే అందుకోవాలి తప్ప వేళ్లు ముంచకూడదు, వేళ్లు నాకకూడదు. ఇవన్నీ వివరించి చెప్పినా, ఎంగిలి పట్టింపుతో డెబ్బై ఏళ్లు గడిపినవారికి అది సమాధానం కాదు.

పళ్లెం బల్ల మీదికి రాగానే మా అత్తగారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆకలి లేదన్నారు. హోటలు నడిపే పెద్దావిడ దూరం నుంచి ఆ సంగతి గమనించి, ఏమీ అడగకుండానే లోపలికి వెళ్లి, చిన్న పళ్లెంలో ఒక ఇంజెరా పరిచి, అవే కూరలు కొంచెం కొంచెంగా వడ్డించి తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. మా అత్తగారు ఆ పళ్లెం పూర్తిగా తిన్నారు. ఆ తర్వాత కూడా ఆవిడ పెద్ద పళ్లెంలో ఎప్పుడూ చేయి పెట్టలేదు, మేమూ బలవంతం చేయలేదు. మీరు ముందే ‘విడివిడిగా వడ్డించండి’ అని చెప్పవచ్చు. అలా అడిగితే నొచ్చుకుంటారేమోనని సంకోచించవద్దు. నేను వెళ్లిన చోట్లన్నిటా మారుమాట లేకుండా ఇచ్చారు.

గుర్షా గురించి కూడా మీ వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇంజెరా ముక్కలో కూర పెట్టి, చుట్టి, ఎదుటివారి నోటికి అందించడమే గుర్షా. ఆప్తులకు, అతిథులకు, పెద్దలకు ఇలా పెట్టడం అక్కడ గౌరవం, కాదనడం మర్యాద కాదు. సాధారణంగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారు ఒకరికొకరు పెట్టుకుంటారు తప్ప కొత్తగా వచ్చిన వారికి హోటలువారు పెట్టరు. మేము తరచుగా వెళ్లేవాళ్లం కనుక ఆ పెద్దావిడ ఒకరోజు మా మామగారికి పెట్టారు. గోరుముద్దలు తిని పెరిగిన మనిషి కాబట్టి ఆయన చప్పున నోరు తెరిచారు. వచ్చిన ముద్ద మాత్రం నోటికి పెద్దదే. గుర్షా ఎంత పెద్దదైతే అంత అభిమానమట.

ఇక తిండి విషయానికి వస్తే, మీకు అక్కరకు వచ్చే మాట ‘త్సోమ్’, అంటే ఉపవాసం. ఇథియోపియన్ ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు ఉపవాసం ఉంటారు. దాదాపు ప్రతి బుధవారం, ప్రతి శుక్రవారం, ఈస్టర్‌కు ముందు 55 రోజులు, తమ క్రిస్మస్ అయిన జనవరి 7కు ముందు దాదాపు ఆరు వారాలు, ఇవిగాక మరికొన్ని. మామూలు గృహస్థులు పాటించేవే ఏడాదిలో 180 రోజులకు పైగా ఉంటాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న, నెయ్యి ఏవీ ముట్టరు. ఇంత సుదీర్ఘమైన ఉపవాస సంప్రదాయం ఉంది కాబట్టే ఆ వంటలో పప్పులు, ఆకుకూరలు ఇంతగా వృద్ధి చెందాయి. మన ఊళ్ల హోటళ్లలో మాంసాహారం నుంచి ముక్కలు తీసేసి శాకాహారం అని వడ్డించే తరహా వ్యవహారం ఇక్కడ కనిపించదు. మెనూలో ‘యెత్సోమ్ బెయ్యాయ్నెతు’ అని ఉంటే, అది అన్ని రకాల ఉపవాస కూరలూ కలిపి వడ్డించే పళ్లెం. నలుగురికి రెండు తెప్పించుకుంటే సరిపోతుంది. చేపల విషయంలో మాత్రం అందరి పద్ధతీ ఒకటి కాదు, ఉపవాసంలో చేప తినేవారూ ఉన్నారు కాబట్టి, పళ్లెంలో చేప ఉందా అని ఒక మాట అడగడం మంచిది.

మీ తల్లిదండ్రులు ఉల్లి, వెల్లుల్లి తినని నియమం గలవారైతే మాత్రం ఈ ఆలోచన మానుకోండి. ‘వొట్’ అనే కూరలన్నిటికీ ఉల్లిపాయే ఆధారం. సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయలను మొదట నూనె చుక్క లేకుండా, సన్నని సెగ మీద, వాటి నీరే ఇగిరి ముద్దయ్యే దాకా ఓపికగా కలుపుతూ మగ్గించి, ఆ తర్వాతే నూనెగానీ నెయ్యిగానీ వేసి, బెర్బెరె అనే కారప్పొడి కలుపుతారు. పిండి కలపకపోయినా, కొబ్బరి వేయకపోయినా ఆ కూరలు అంత చిక్కగా ఉండడానికి కారణం కరిగిపోయిన ఆ ఉల్లిపాయలే. అంత ఉల్లి లేకుండా చేసిపెట్టమని అడగడం వంటవారిని ఇబ్బంది పెట్టడమే అవుతుంది.

బెర్బెరెలో ఎండుమిర్చితో పాటు మెంతులు, వాము, నల్లజీలకర్ర, అల్లం, వెల్లుల్లి, తులసి జాతికి చెందిన ఒక ఆకు, యాలకులకు దగ్గరి చుట్టమైన కొరరిమా వంటివి ఉంటాయి. దీనితో చేసే ‘మిసిర్ వొట్’ అనే ఎర్ర కందిపప్పు కూర మన పెద్దలకు తప్పక నచ్చుతుంది. మనం మైసూరు పప్పు అనేది అదే. కారం మనకు ఎక్కువ అనిపించదు, ఆ కారం వెనుక నుంచి వచ్చే పరిమళం మాత్రం మన పోపుల పెట్టెలో దొరకదు. కారం తినలేనివారికి ‘అలిచా’ అనే పేరున్న కూరలు చెప్పండి. పసుపు, అల్లం, వెల్లుల్లి వేసి చేస్తారు, బెర్బెరె వేయరు. బఠాణీ పప్పుతో చేసే ‘కిక్ అలిచా’, క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప కలిపి వండే ‘తికిల్ గొమెన్’ ఈ కోవలోవి. ‘గొమెన్’ అంటే క్యాబేజీ జాతికి చెందిన కాలర్డ్ అనే ఆకుకూర. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘షిరో’. వేయించిన శనగలను మసాలా దినుసులతో కలిపి విసిరిన పిండిని, ఉల్లి ముద్దలో నీళ్లు పోసి ఉడికిస్తారు. కొన్ని చోట్ల అది నల్లని మట్టిపాత్రలో, బుడగలు చిట్లుతూ, కుతకుతలాడుతూ బల్ల మీదికి వస్తుంది. మూడు నిమిషాలు ఆగి తినమని మీ నాన్నగారికి చెప్పండి, నోరు కాలుతుంది. చూడటానికి పెద్దగా ఆకర్షణ లేని ఈ గోధుమరంగు ముద్ద కోసమే నేను వర్షంలో కూడా నడిచి వెళ్లిన రోజులున్నాయి.

నెయ్యి గురించి ఒక వివరం. వారి నెయ్యిని ‘నితిర్ కిబ్బె’ అంటారు. వెన్న కాచేటప్పుడే మెంతులు, పసుపు, కొరరిమా, అల్లం, వెల్లుల్లి వంటివి వేసి వడకడతారు. నెయ్యి కాచేటప్పుడు తమలపాకో మునగాకో వేసే ఇళ్ల నుంచి వచ్చినవారికి ఇది వింతగా తోచదు. ఉపవాసపు కూరల్లో దీనికి బదులు నూనె వాడతారు. మీ వాళ్లకు నెయ్యి అభ్యంతరం కాదు కాబట్టి, షిరోను నెయ్యితో చేయమని విడిగా అడగవచ్చు, రుచి చాలా పెరుగుతుంది.

ఇంజెరాను మాత్రం దయచేసి ‘వాళ్ల దోసె’ అని పరిచయం చేయవద్దు. పిండి పులియబెట్టడం వరకే పోలిక. దోసె అనగానే మనవాళ్లు వేడిని, కరకరను, పెనం మీద నుంచి వచ్చే కమ్మని వాసనను ఆశిస్తారు. చల్లారిన, మెత్తని, పుల్లని అట్టు చేతికి తగిలేసరికి నిరుత్సాహపడతారు. ఇంజెరాను చల్లారాకే వడ్డిస్తారు, దానికి ఆ మెత్తదనమే లక్షణం. దాన్ని టెఫ్ అనే, గసగసాలంత చిన్న ధాన్యంతో చేస్తారు. ఆ పిండిని రెండు మూడు రోజులు పులియబెడతారు. పైన తేరుకున్న పసుపుపచ్చని నీటిలో కొంత తీసి తర్వాతి పిండికి తోడుగా వాడతారు. కొంత పిండిని నీళ్లలో ఉడికించి జావలా చేసి తిరిగి కలుపుతారు. ‘మిటాడ్’ అనే వెడల్పాటి పెనం మీద అంచు నుంచి మధ్యకు చుట్లుగా పోసి, మూతపెట్టి, తిరగవేయకుండానే తీస్తారు. అందుకే ఒకవైపు నున్నగా, మరోవైపు నిండా సన్నని రంధ్రాలతో ఉంటుంది. ఆ రంధ్రాలను వారు కళ్లంటారు. కూరలోని రసం వాటిలోకి ఇంకుతుంది. ఉత్త ఇంజెరాను నోట్లో పెట్టుకుని తీర్పు చెప్పే అవకాశం మీ అమ్మగారికి ఇవ్వకుండా, మొదటి ముక్కనే మిసిర్ వొట్‌తో తినమనండి. కారానికి, నూనెకు ఆ పులుపు విరుగుడు. భోజనం చివర పళ్లెం అడుగున మిగిలే, అన్ని కూరల రసమూ పీల్చుకున్న ఇంజెరాను వదిలిపెట్టి లేవడం నా దృష్టిలో నేరం.

ఇంట్లో ఎవరికైనా గోధుమలు పడకపోతే జాగ్రత్త వహించాలి. టెఫ్‌లో గ్లూటెన్ లేదు. కానీ అమెరికాలోని చాలా హోటళ్లలో ఖర్చు తగ్గడానికో, అట్టు సులభంగా రావడానికో గోధుమపిండి, బార్లీ కలుపుతారు. పూర్తి టెఫ్ ఇంజెరా కావాలంటే కొన్నిచోట్ల ఒకరోజు ముందే చెప్పాలి, దానికి అదనంగా తీసుకుంటారు. మధుమేహం ఉన్నవారు మరొకటి గమనించాలి. కూర కింద, కూరతో, కూర పక్కన అన్నీ ఇంజెరాయే కాబట్టి ఎంత తిన్నామో లెక్క తెలియదు. మా మామగారికి పక్కన పెట్టే చుట్టలను మా ఆవిడ ముందే సగం చేసి ఇచ్చేది.

మీతో మాంసాహారులు ఉంటే వారి కూరలను వేరే పళ్లెంలో అడగడం తప్పనిసరి. అడగకపోతే గుడ్డు వేసిన కోడికూర ‘దోరో వొట్’ను పప్పు పక్కనే వడ్డించి తెస్తారు, రెండింటి రసాలూ ఒకే ఇంజెరాలోకి ఇంకుతాయి. ‘కిట్ఫో’ అనేది సన్నగా తరిగిన పచ్చి గొడ్డుమాంసం. మీ పెద్దల ఎదుట తెప్పించవద్దు. పంది మాంసం మాత్రం ఉండదు, వారి చర్చి నియమం దాన్ని నిషేధిస్తుంది.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఇన్ని ఇథియోపియన్ హోటళ్లు ఎందుకున్నాయని మీ నాన్నగారు అడిగితే చెప్పడానికి: 1974లో హైలే సెలాసీ చక్రవర్తిని సైన్యం పదవీచ్యుతుణ్ణి చేసిన తర్వాత దేశం విడిచినవారిలో చాలామంది ఈ నగరానికి చేరారు. 1980లో అమెరికా శరణార్థుల చట్టం వచ్చాక ఆ సంఖ్య ఇంకా పెరిగింది. మొదట ఆడమ్స్ మోర్గాన్ ప్రాంతంలో, తర్వాత యూ స్ట్రీట్, తొమ్మిదో వీధి ప్రాంతంలో హోటళ్లు వెలిశాయి. అద్దెలు పెరిగేకొద్దీ సిల్వర్ స్ప్రింగ్‌కు, అలెగ్జాండ్రియాకు, ఫాల్స్ చర్చ్‌కు విస్తరించాయి. నా అనుభవంలో నగరం నడిబొడ్డున ఉన్నవాటి కన్నా ఈ శివారు దుకాణ సముదాయాల్లో, పక్కనే వారి కిరాణా కొట్టు కూడా ఉన్న హోటళ్లలో తిండి బాగుంటుంది. గల్లా పెట్టె దగ్గర ఇంజెరా పొట్లాలు పేర్చి ఉన్నాయంటే వారి ఇళ్లవాళ్లే అక్కడ కొనుక్కుంటున్నారని అర్థం.

వడ్డన నిదానంగా ఉంటుంది, తొందరపెట్టి ప్రయోజనం లేదు. కాఫీ కావాలంటే భోజనం చెప్పినప్పుడే అది కూడా చెప్పండి, ఎందుకంటే సంప్రదాయ పద్ధతిలో పచ్చి గింజలను అప్పటికప్పుడు వేయించి, ఆ పొగను మన ముందుకు తెచ్చి వాసన చూపించి, ఆ తర్వాత దంచి, ‘జెబెనా’ అనే మట్టి కూజాలో కాస్తారు. పక్కన సాంబ్రాణి వెలిగిస్తారు, తినడానికి పేలాలు ఇస్తారు. అబోల్, తోనా, బెరెకా అని మూడు విడతలుగా పోస్తారు, విడత విడతకూ పలచబడుతుంది. మన అరకులో పండే అరబికా కాఫీకి పుట్టిల్లు ఆ దేశమే అని చెబితే మా అత్తగారు ఆసక్తిగా విన్నారు గానీ, పాలు పోయరని తెలిసి రెండో గిన్నె తీసుకోలేదు. చిన్న గిన్నెలే అయినా మొదటి విడత చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి, ఈ ముచ్చటంతా చూడాలనుకుంటే పెద్దవాళ్లను రాత్రి కాకుండా శనివారమో ఆదివారమో మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్లండి. అన్ని హోటళ్లలోనూ రోజూ ఇలా కాఫీ కాయరు, బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.