ఆ రోడ్డు ఎవరిదో ముందు తేల్చండి

ప్రశ్న: మాది కాకినాడ జగన్నాథపురం వైపు వేటకెళ్లేవాళ్ల పేట. పక్కనున్నది ఖాళీ జాగాగా ఉన్నప్పటి నుంచీ మా ఆడవాళ్లు చేపల తట్టలతో అందులోంచే మార్కెట్‌కి వెళ్తున్నారు. ఇప్పుడది కాలనీ అయింది. వాసన వస్తోందని గేటు పెట్టి తాళం వేశారు. వాళ్లిళ్లలో పనికి మాత్రం మేమే కావాలి! అడిగితే హీనంగా మాట్లాడారు. అట్రాసిటీ కేసు పెట్టవచ్చా?

జవాబు: అవమానం గురించి రెండు పేజీలు రాశారు. గేటు ఎప్పుడు పెట్టారంటే 'కిందటేడు సంక్రాంతి దాటాక' అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. కోర్టుకి కావలసింది ఆ తేదీయే.

అట్రాసిటీ చట్టం ఎస్సీ, ఎస్టీలకే. మీరు అగ్నికుల క్షత్రియులమన్నారు, అంటే బీసీ-ఎ. కేసు నిలవదు సరికదా, తప్పుడు ఫిర్యాదని మీ మీదే ఎదురు కేసు పెట్టగలరు. తాళం పగలగొట్టే ఆలోచన కూడా మానుకోండి. అక్కడ సీసీ కెమెరా ఉందని మీరే రాశారు.

అసలు విషయం, రోడ్డు ఎవరిది? మంజూరైన లేఅవుట్ అయితే రోడ్లను కార్పొరేషన్‌కి గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చి ఉండాలి. అలా ఇచ్చి ఉంటే కాలనీ అసోసియేషన్‌కి తాళం వేసే హక్కే లేదు. మీరు ఎన్నేళ్లు నడిచారో రుజువు చేయక్కర్లేదు. టౌన్ ప్లానింగ్ విభాగంలో సమాచార హక్కు కింద ప్లాను, గిఫ్ట్ డీడ్ నకళ్లు అడగండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. అవి జతచేసి కమిషనర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. కదలిక లేకపోతే, ప్రజల దారిలో అడ్డు తీయించమని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఆర్డీవోని ఆశ్రయించండి.

ప్రైవేటు స్థలమని తేలితే చిక్కే. మార్కెట్‌కి వేరే దారి ఉందని మీరే రాశారు కనుక 'ఇదొక్కటే దిక్కు' అనే వాదన నడవదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల స్థలంలో దారి వంటి హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా నడిచినట్టు చూపాలి. దారి మూసిన రెండేళ్లలోపు దావా పడాలి. నకళ్లు రాలేదని ఆ గడువు ఆగదు. పైగా 'దయతలచి వెళ్లనివ్వండి' అని పేటంతా సంతకాలు పెట్టి అసోసియేషన్‌కి అర్జీ ఇచ్చారట! ఒకరి అనుమతితో నడిచిన దారి మీద హక్కు పుట్టదు. అవతలి లాయరు మొట్టమొదట చూపేది ఆ కాగితమే. ఇకమీదట లాయరుకి చూపకుండా ఎవరికీ ఏదీ రాసివ్వకండి.

దావా ఒక్కరి పేరున కాక, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 1 రూల్ 8 కింద పేట అందరి తరఫున వేయండి. ఆ దారిన ఊరేగింపు వెళ్లిన పాత పెళ్లి ఫోటోలు, గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు, గుమ్మంలో మీ దగ్గర చేపలు కొన్న పెద్దవాళ్ల సాక్ష్యం సమకూర్చుకోండి. గేటు బిగించిన రోజు ఎవరో ఒకరు ఫోన్లో ఫోటో తీసే ఉంటారు. వాట్సాప్‌లో తిరిగిన కాపీని నమ్ముకోకుండా ఆ ఫోన్‌నే జాగ్రత్త చేయండి. అందులోంచి తీసిన కాపీ కోర్టులో ఇస్తే, భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.