బాండ్స్ 2004 లెక్కలో తేడా ఎక్కడ వచ్చిందంటే

శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు బ్యారీ బాండ్స్ 2004లో సాధించిన 135 హిట్లను (బంతిని కొట్టి బేస్ అనే మజిలీకి చేరడం), 232 వాక్‌లను (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా మొదటి బేస్ దక్కడం) కలిపి 373 అట్‌బ్యాట్లతో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తే .984 వస్తోందని, రికార్డులో మాత్రం ఆన్‌బేస్ శాతం (ఎంత తరచుగా బేస్ చేరాడన్న నిష్పత్తి) .609గా ఉందని, ఈ తేడా ఎందుకని ఒకరు అడిగారు. చిక్కంతా భాజకంలోనే ఉంది. వాక్ అట్‌బ్యాట్ కింద జమ కాదు కాబట్టి, 373కు ఆ 232తో పాటు బంతి ఒంటికి తగిలిన 9 సార్లను, 3 శాక్రిఫైస్ ఫ్లైలను (తాను అవుటైనా సహచరుడికి పరుగు తెచ్చే గాలి షాట్లు) కూడా చేర్చి 617 చేసుకోవాలి. లవంలోనూ ఆ 9 చేరి 376 అవుతుంది. ఇప్పుడు భాగించి చూడండి, .609 వస్తుంది. హిట్లను అట్‌బ్యాట్లతో భాగించే బ్యాటింగ్ సగటు .362కు మాత్రం ఆ 373 సరిపోతుంది. అన్నట్టు, ఆ వాక్‌లలో 120 ప్రత్యర్థులు కావాలని ఇచ్చినవే. ఆ ఏడు 45 హోమ్ రన్లు బాదినవాడికి బంతి వేయడం కన్నా బేస్ అప్పగించడమే నయమని వారు తలచారు.