బల్గేరియన్, ఉజ్బెక్: రెండింటిలోనూ మన "ట" ఉంది

బల్గేరియన్‌కూ ఉజ్బెక్‌కూ ఏమైనా పోలిక ఉందా, తెలుగువాళ్లకు ఏది తొందరగా పట్టుబడుతుంది అని అడిగారు. "బల్గేరియన్ రష్యన్‌తో పాటు స్లావిక్ కుటుంబం, ఉజ్బెక్ టర్కిష్‌తో పాటు తుర్కిక్ కుటుంబం, సంబంధమే లేదు" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ తరఫున ముందు ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో, ఆ తర్వాత బల్గేరియా రాజధాని సోఫియాలో పనిచేశాను. రెండు భాషలూ గోడౌన్లలో, ఆఫీసుల్లో, కూరగాయల బజార్లలో విని నేర్చుకున్నవే. వంశం వేరన్న మాట నిజమే కానీ, అసలు సంగతి అందులో లేదు, మన "వచ్చాడట"లోని "ట"లో ఉంది.

ముందు ఉజ్బెక్. "మెన్ కెచా బోజోర్‌దాన్ నోన్ ఓల్దిమ్" అంటే "నేను నిన్న బజారు నుంచి రొట్టె కొన్నాను". మాటల వరుస కూడా మార్చక్కర్లేదు. క్రియ చివరికే వస్తుంది, "నుంచి" నామవాచకం వెనకే అతుక్కుంటుంది. నాన్నగారి గురించి చెప్పేటప్పుడు వాళ్లూ బహువచనమే వాడతారు: "దాదమ్‌లార్ కెల్దిలార్", అంటే "మా నాన్నగారు వచ్చారు". జవోబ్, దున్యో, దోస్త్, హిసోబ్ లాంటి ఫారసీ, అరబీ మాటలు హైదరాబాద్‌లో పెరిగిన చెవికి కొత్తేమీ కావు.

బల్గేరియన్‌లో అదే వాక్యం "వ్చెరా కుపిహ్ హ్ల్యాబ్ ఓత్ పజారా": నిన్న, కొన్నాను, రొట్టె, నుంచి, బజారు. మనకు అడ్డదిడ్డంగా ఉంటుంది. పైగా మూడు లింగాలు. రష్యన్‌లో ఏడిపించే విభక్తులు ఇందులో చాలావరకు రాలిపోయాయి కానీ, ఆ కష్టమంతా క్రియల్లోకి వచ్చి కూర్చుంది. 1878 దాకా దాదాపు ఐదు వందల ఏళ్లు ఒట్టోమన్ టర్కుల పాలన నడిచింది కాబట్టి పజార్ (బజారు), జోబ్ (జేబు) లాంటి మాటలు అక్కడా తగులుతాయి. కానీ మాటల పోలికలతో భాష రాదు.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ రెండు భాషల్లోనూ జరిగిన విషయం చెప్పేటప్పుడు, నువ్వు కళ్లారా చూశావా, ఎవరో చెబితే విన్నావా అన్నది క్రియలోనే తేలిపోతుంది. మన "వచ్చాడు", "వచ్చాడట" లాగా.

తాష్కెంట్‌లో ఒకసారి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాల్సిన ఇంజెక్షన్ల లోడు రావాలి. గోడౌన్ చూసుకునే పెద్దాయన్ని అందరూ "అకా" అనేవాళ్లు, అంటే అన్న. ఫోన్ స్పీకర్‌లో హైదరాబాద్ నుంచి మా మేనేజర్ గారు, పక్కనే దుబాసీ అమ్మాయి. "బండి వచ్చిందా?" అని ఆయన అడిగారు. అకా "మషీనా కెలిబ్ది" అన్నాడు. ఆ అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో "వచ్చింది" అని చెప్పేసింది. మేనేజర్ గారు సరుకు చేరిందని కస్టమర్‌కు మెయిల్ పెట్టడానికి సిద్ధమయ్యారు. "సార్, ఆగండి. వచ్చిందట అంటున్నాడు, వచ్చింది అనట్లేదు" అన్నాను. చూసి ఉంటే "కెల్ది" అనేవాడు. "మీరే చూశారా అకా?" అని అడిగితే, లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్ చేశాడన్నాడు. వెళ్లి చూస్తే అది వేరే కంపెనీ బండి. మాది సాయంత్రానికి గానీ రాలేదు. మేనేజర్ గారికి ఉజ్బెక్ ఒక్క ముక్క రాదు. అయినా "వచ్చిందట" అనగానే వెంటనే అర్థమైంది. అకా తప్పు చెప్పలేదు, దుబాసీ అమ్మాయి బద్ధకించలేదు. మధ్యలో ఇంగ్లీషు దూరి ఆ "ట"ను మింగేసింది, అంతే.

సోఫియాకు వెళ్లాక అదే ఎదురైంది. లారీ రావడం చూసినవాడు "కమియోనత్ దొయ్‌దె" అంటాడు, విని చెప్పేవాడు "కమియోనత్ దోషల్" అంటాడు. మా ఆఫీసులో ఒకావిడ తాను వెళ్లని మీటింగ్ గురించి మొదటి నుంచి చివరిదాకా ఈ రెండో రూపంలోనే చెప్పేది, ఒక్క క్రియ కూడా తప్పకుండా. రష్యన్‌లో గానీ, పోలిష్‌లో గానీ క్రియకు ఇలాంటి రూపం లేదు. ఉజ్బెక్‌కు చుట్టమైన టర్కిష్ పక్కన అన్ని తరాలు బతికినందుకే బల్గేరియన్‌కు ఇది అబ్బిందని చాలామంది భాషావేత్తలు అంటారు. లోపలి నుంచే పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం మొదటి పక్షమే.

కథలు చూడండి. బల్గేరియన్ జానపద కథ "ఇమాలో ఎద్నో వ్రేమె" అని మొదలవుతుంది. అది విని చెబుతున్న రూపమే. ఉజ్బెక్ కథ "బిర్ బోర్ ఎకన్, బిర్ యోక్ ఎకన్" అని మొదలవుతుంది. ఒకప్పుడు ఉందట, ఒకప్పుడు లేదట. మన అమ్మమ్మలు "ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడట" అన్నట్టే. బంధుత్వం లేని మూడు భాషలు కథ చెప్పేటప్పుడు ఒకే జాగ్రత్త తీసుకున్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఉజ్బెకిస్తాన్ వెళ్లే ప్రతివాడికీ "రష్యన్ వస్తే చాలు" అని ఉచిత సలహా ఇస్తారు. తాష్కెంట్ ఆఫీసుల్లో గడుస్తుందేమో గానీ, పల్లెల్లో గడవదు. సమర్కండ్, బుఖారాల్లో మన పిల్లలు ఎంబీబీఎస్ చదువుతున్నారు. ఏజెంట్లేమో ఇంగ్లీష్ మీడియం, భాషతో పని లేదని చెప్పి పంపిస్తున్నారు. వార్డులో ముసలావిడ తన నొప్పి ఏ భాషలో చెప్పుకుంటుంది? ఉజ్బెక్‌లోనో, అక్కడ చాలామంది మాట్లాడే తాజిక్‌లోనో. ఈ మాట వెళ్లకముందే చెప్పాలి కదా. లిపి గోల ఇంకోటి: 1993లో లాటిన్ లిపికి (అంటే ఇంగ్లీషు అక్షరాలకు) మారాలని చట్టం చేసినా, బోర్డుల మీదా పుస్తకాల్లోనూ రష్యన్ రాసే సిరిలిక్ లిపి ఇంకా పోలేదు. రెండూ నేర్చుకోక తప్పదు. సిరిలిక్ నేర్చుకుంటే బల్గేరియన్ చదవడానికీ పనికొస్తుంది, అదొక్కటే లాభం.

ఏది తేలికంటే, నిస్సందేహంగా ఉజ్బెక్. కానీ రెండింటిలో ఏది మొదలుపెట్టినా నోట్‌బుక్‌లో అర్థాలు ఇంగ్లీషులో రాసుకోకండి. కెల్ది పక్కన "వచ్చింది" అనీ, కెలిబ్ది పక్కన "వచ్చిందట, వచ్చినట్టుంది" అనీ తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు వివరించే ఆ పాఠం మనకు ఆ ఒక్క లైన్లో అయిపోతుంది.