సగం సగం పంచుకున్నా మీకు ఏమీ మిగలకపోవడానికి కారణం

ఇంటి ఖర్చును ఇద్దరూ చెరి సగం భరిస్తున్నా నెలాఖరుకు మీ చేతిలో ఏమీ మిగలడం లేదనీ, ఈ మధ్యే మీ భర్త మీకు తెలియకుండా చేసిన అప్పు బయటపడిందనీ రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు కాబట్టి, రెండింటినీ ఒకే రోజు తేల్చుకోవాలని చూడకండి.

మొదటిది లెక్కతో తీరుతుంది. ఇద్దరి ఆదాయం కలిపి 100 భాగాలనుకుంటే, అందులో ఆయనవి 70, మీవి 30, ఉమ్మడి ఖర్చు 50 అయినప్పుడు, చెరి 25 పెడితే ఆయనకు 45 మిగులుతాయి, మీకు 5 మాత్రమే మిగులుతాయి. అదే ఖర్చును ఆదాయాల నిష్పత్తిలో పంచుకుంటే ఆయన 35, మీరు 15 పెడతారు. మిగిలేవి కూడా అంతే. జీతం వచ్చిన రోజే ఈ వాటాలను ఉమ్మడి ఖాతాలో వేసి, మిగిలినదానికి ఒకరికొకరు లెక్క చెప్పనక్కర్లేదని ముందే అనుకోండి. ఇంటిపని ఎక్కువగా మీ మీదే ఉంటే, ఆ శ్రమను కూడా వాటాలో లెక్కగట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

అప్పు సంగతి మరింత సున్నితమైనది. ఎందుకు దాచారని నిలదీయడానికి ముందు, ఎవరికి ఎంత బాకీ ఉంది, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్న వివరాలను ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి; సిగ్గుతో దాచిన మనిషి నింద మొదలైతే మిగతాది కూడా దాచేస్తారు. వడ్డీ ఎక్కువగా ఉన్నదాన్ని ముందు తీర్చండి. దీనికోసం ఉమ్మడి రుణం తీసుకుందామని ఆయన అంటే మాత్రం, సంతకానికి ముందు షరతులు పూర్తిగా చదవండి, ఎందుకంటే అలాంటి రుణంలో సాధారణంగా ఇద్దరిలో ప్రతి ఒక్కరూ సగానికి కాదు, మొత్తం బాకీకి బాధ్యులవుతారు.